సోయా పెరుగు తోడుకోవడం లేదా? తోడుని తిట్టే ముందు ఒకసారి రుచి చూడండి

పాలూ నెయ్యీ సహా జంతువులనుంచి వచ్చేవేవీ వాడని వీగన్ వంటకి మారినవాళ్లు పప్పు దగ్గరో పులుసు దగ్గరో ఆగిపోవడం నేను చూడలేదు. నెయ్యి చుక్క మానేస్తే మన ఇంటి వంటలో సగానికి సగం అలాగే నడిచిపోతుంది. అందరూ వచ్చి ఆగేది పెరుగు దగ్గరే. చివర రెండు ముద్దలు పెరుగన్నం పడకపోతే భోంచేసినట్టే ఉండదు కాబట్టి సోయా పాలు తీసి, రాత్రి తోడు పెట్టి, పొద్దున్నే ఆశగా మూత తీస్తే గిన్నెలో నీళ్ల మజ్జిగ. ఇక అప్పటినుంచి కొత్త తోడు కోసం వేట మొదలు. ఆ పౌడర్ అట, ఈ క్యాప్సూల్ అట, పచ్చిమిరపకాయ ముచ్చికలట.

నాకు ఫొటోలు పంపి "ఎందుకిలా అయింది?" అని అడుగుతారు. ఫొటోలో అన్నీ తెల్లగానే కనిపిస్తాయి, దాన్నిబట్టి నేనేం చెప్పను? ముందు చెంచా కొసతో తీసి నాలుక మీద వేసుకుని చూడండి, పుల్లగా ఉందా, లేదా. ఇంత చిన్న పని ఎవరూ చేయరు. తీగలు సాగుతుంటేనో, రంగు మచ్చలు కనిపిస్తుంటేనో మాత్రం రుచి జోలికి పోవద్దు, దాని సంగతి కింద చెప్తాను. పులుపు తగిలితే మీ తోడు దాని పని అది చేసింది, తప్పు పాలలో ఉంది. పులుపే లేకపోతే అప్పుడు తోడునీ వేడినీ అనుమానించండి. ఇది తేలకుండా తోడు మార్చడం వల్ల డబ్బు దండగ తప్ప ఒరిగేదేమీ లేదు.

గింజలు నానబెట్టడం, పొట్టు తీయడం, రుబ్బి గుడ్డలో పిండటం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

పులుపు లేదు, పాలు పాలుగానే ఉన్నాయి

పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడు వేసి ఉంటారు, లేకపోతే చల్లారిపోయాక వేసి ఉంటారు. 40 నుంచి 43 డిగ్రీల మధ్య ఉంటే చాలు. థర్మామీటర్ లేనివాళ్లు వేలు పెట్టి చూస్తారు, అదీ మంచిదే కానీ సోయా పాల మీద తరక కట్టి పైన చల్లగా, లోపల ఇంకా కాలిపోతూ ఉంటుంది. గరిటెతో అడుగుదాకా కలిపి అప్పుడు వేలు పెట్టండి. చలికాలంలో గిన్నెని బియ్యం డబ్బాలోనో హాట్ బాక్స్‌లోనో పెట్టాలన్నది మీకు కొత్త కాదు.

ఇంకో సంగతి, సోయాలో లాక్టోజ్, అంటే మామూలు పాలలో ఉండే చక్కెర, ఉండదు. పెరుగు పౌడర్లలో మామూలుగా రెండు రకాల బాక్టీరియా ఉంటాయి. అందులో లాక్టోబాసిల్లస్ బల్గారికస్‌కి సోయాలో ఉండే సుక్రోజ్ సరిగ్గా పట్టదు, స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్ మాత్రం ఎలాగోలా నెట్టుకొస్తుంది. అరలీటరు పాలకి అర చెంచా గ్లూకోజ్ పొడి కలిపితే రెండూ కదులుతాయి. గ్లూకోజ్ లేకపోతే పంచదారతో కూడా కొంత ఫలితం ఉండొచ్చు, కానీ అదీ సుక్రోజే కాబట్టి స్ట్రెప్టోకోకస్‌కి మాత్రమే.

తోడు కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి మురిసిపోవద్దు. అది శాకాహారం గుర్తు, పాలపొడికి కూడా అదే చుక్క వేస్తారు. వీగన్ ఆహారానికి మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ 2022లో విడిగా నిబంధనలు తెచ్చింది, వేరే గుర్తు కూడా ఉంది, దానికోసం వెతకండి. దొరకకపోతే వెనక్కి తిప్పి లాక్టోజ్, పాలపొడి లాంటివి ఉన్నాయేమో చదవండి. మిరపకాయ ముచ్చికలతో పెట్టేవాళ్లకి ఒక్క మాట: మొదటి విడత జారుగానే వస్తుంది, మిరప వాసన కూడా వేస్తుంది. దాన్ని తినడానికి కాదు, రెండో విడతకి తోడుగా వాడుకోవాలి. మొదటి రోజే గట్టి పెరుగు రాలేదని ఏడవకండి.

ఈ రకంగా తోడుకోని పాలు రాత్రంతా బయటే ఉండిపోతే, చెడువాసన రాకపోయినా మళ్లీ తోడు వేయొద్దు, పారబోయండి.

పుల్లబడింది, కానీ గట్టిపడలేదు

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే, నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది కూడా ఇదే.

ముందు తేలికైన కారణం తేల్చేద్దాం, పాలు పలచన. తాగడానికి తీసే పాలు వేరు, పెరుగుకి తీసే పాలు వేరు. 100 గ్రాముల పొడి గింజలకి 700 మిల్లీలీటర్లు, మహా అయితే 800 పాలు రావాలి. పిప్పిలో ఇంకా సారం ఉందని నీళ్లు పోసి రెండోసారీ మూడోసారీ పిండుతుంటే అది పెరుగవదు. ఆ పిప్పిని గారెల పిండిలోనో పొడికూరలోనో వేసుకోండి, వృథా ఏమీ కాదు. కొన్న పాలైతే ప్యాకెట్ వెనక ప్రొటీన్ ఎంతో చూడండి, 100 మిల్లీలీటర్లకి 3 గ్రాముల కంటే తక్కువుంటే ఆశ పెట్టుకోవద్దు. అన్నట్టు ఆ ప్యాకెట్లలో చాలావాటి మీద 'పాలు' అన్న మాట కనిపించదు, సోయా డ్రింక్ అనో మరొకటో ఉంటుంది.

పాలు చిక్కగానే ఉన్నాయి, పులుపూ వచ్చింది, అయినా గరిటెకి జారిపోతోందా? లేదా రవ్వలా పలుకులు పలుకులుగా ఉండి కింద నీళ్లు తేలాయా? తిన్నాక ముక్కులో పచ్చి చిక్కుడు వాసన తగులుతోందా? అయితే మీ పాలు మరగలేదు.

ఈ మాట అనగానే అందరి జవాబూ ఒక్కటే, "లేదండీ, పొంగు వచ్చాకే దింపాను." మా వదిన వరస ఆవిడైతే కొట్టినంత పని చేసింది, "పాలు కాచడం కూడా నాకు నేర్పుతావా?" అని. ఆవిడకి పాలు కాచడం నిజంగానే వచ్చు, ముప్పై ఏళ్లుగా కాస్తోంది, కాకపోతే అవి గేదె పాలు. గేదె పాలు పొంగాయంటే కాగినట్టే. సోయా పాలు కాగకముందే పొంగుతాయి.

సోయా గింజలో సాపోనిన్లని ఉంటాయి, కుంకుడుకాయలో నురగ వచ్చేది కూడా ఈ జాతి పదార్థాల వల్లే. పాలు ఇంకా 80 డిగ్రీల దగ్గర ఉండగానే వాటి వల్ల సన్నటి తెల్లటి నురగ లేచి, గిన్నె అంచుదాకా ఎగబాకి, పొయ్యి మీద ఒలికేస్తుంది. చూసినవాళ్లు ఎవరైనా స్టవ్ కట్టేస్తారు. అది దొంగ పొంగు. ఆ నురగని గరిటెతో పక్కకి నెట్టి చూడండి, కింద పాలు కదలకుండా నిలబడి ఉంటాయి.

దీనికీ తోడుకోవడానికీ లింకేమిటంటే, సోయాలో పెరుగు కట్టే ప్రొటీన్లు ముఖ్యంగా రెండు. ఒకటి 70 డిగ్రీలు దాటగానే విచ్చుకుంటుంది. గట్టిదనం ఇచ్చే రెండోది, గ్లైసినిన్, విచ్చుకోవాలంటే దాదాపు 90 డిగ్రీలు కావాలి. విచ్చుకున్న ప్రొటీన్లే పులుపు తగిలినప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కడతాయి. మీరు 80 దగ్గర దింపేస్తే ఆ రెండోది ముడుచుకునే ఉంటుంది. తోడు ఎంత మంచిదైనా, రాత్రంతా ఎంత వెచ్చగా పెట్టినా, పాలు పుల్లబడతాయి తప్ప గట్టిపడవు. తోడు మీద నింద పడేది ఇక్కడే. మీరు మార్చాల్సింది స్టవ్ దగ్గర పది నిమిషాలు, మీరు మార్చేదేమో తోడు.

గట్టిపడకపోవడంతో పోయేది కాదు ఇది. పచ్చి సోయాలో ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి, అవి ప్రొటీన్ అరగకుండా అడ్డుపడతాయి. సరిగ్గా మరగని పాలు తాగితే కడుపులో తిప్పడం, వాంతులు, విరేచనాలు రావచ్చు. "సోయా నాకు పడదండీ" అనేవాళ్లలో కొందరికి పడనిది సోయా కాదు, ఈ దొంగ పొంగు పాలేనని నా అనుమానం. నిజంగా సోయా అలర్జీ ఉన్నవాళ్లూ ఉంటారు, వాళ్లు నా మాట విని మళ్లీ ప్రయత్నించొద్దు.

చేయాల్సింది ఇదీ. గిన్నెలో సగానికి మించి పోయొద్దు, అడుగు మందంగా ఉండాలి. మొదటి నురగ లేచినప్పుడు స్టవ్ కట్టేయకుండా మంట బాగా తగ్గించి, నురగని గరిటెతో తీసేయండి, లేదా రెండు చుక్కల నూనె వేయండి, అణుగుతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ తీయండి. అడుగు గీరుతూ కలుపుతూనే ఉండాలి, ఒక్క నిమిషం ఫోన్ చూశారంటే అడుగంటుతుంది, ఆ మాడు వాసన తాలింపు పెట్టినా పోదు. కాసేపటికి నురగ దానంతటదే తగ్గి, అడుగునుంచి పెద్ద పెద్ద బుడగలు తెర్లుతూ పైకొస్తాయి. మీ అసలు లెక్క అక్కడ మొదలవుతుంది. అక్కణ్ణుంచి సన్నసెగ మీద 10 నుంచి 15 నిమిషాలు మరగాలి. దింపేముందు వాసన చూడండి, పచ్చివాసన ఇంకా ఉంటే ఇంకో ఐదు నిమిషాలు. తోడు వేయకముందు పచ్చివాసన పసిగడితే ఏ నష్టమూ లేదు, మళ్లీ స్టవ్ ఎక్కించడమే. తోడు వేసి పుల్లబడ్డాక తెలిస్తే మాత్రం దాన్ని మజ్జిగ చేసుకుని తాగేయకండి, పారబోయండి. బాగా మరిగిన పాలు పలచన వల్ల జారుగా వస్తే ఆ భయం లేదు, హాయిగా శనగపిండి కలిపి మజ్జిగ పులుసు పెట్టుకోండి.

ఈ గొడవంతా ఎందుకని కొందరు గింజల్ని కుక్కర్లో నాలుగు విజిల్స్ వేయించి ఆ తర్వాత రుబ్బుతారు. దొంగ పొంగు బెడద తగ్గే మాట నిజమే కానీ, ఉడికిన గింజలో ప్రొటీన్ గింజలోనే బిగుసుకుపోయి పాలలోకి సరిగ్గా దిగదు, పిప్పితో పోతుంది. మళ్లీ పలచన పాలు, మళ్లీ అదే కథ. పచ్చి గింజల్నే వేడినీళ్లు పోసి రుబ్బండి, చిక్కుడు వాసన కూడా తగ్గుతుంది. మైక్రోవేవ్‌లో కాచడం గురించి అడగకండి, పొంగి లోపలంతా కడుక్కోవడం తప్ప లాభం లేదు. కాచే పని కూడా తనే చేసే సోయా పాల మిషన్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, అయినా వాసన చూసుకోండి.

గడ్డ కట్టింది, కానీ నీళ్లు తేలాయి

ఎక్కువసేపు వదిలేశారు. మన ఎండాకాలంలో నాలుగైదు గంటలకే తోడుకోవచ్చు, రాత్రంతా పెడితే పుల్లటి ముక్కలూ నీళ్లూ మిగులుతాయి. ఎండల్లో పొద్దున తోడు పెట్టి, మధ్యాహ్నం గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి పంపండి. ఇంకో కారణం మన చేతి దురద. తోడుకుందో లేదో అని గంటగంటకీ గిన్నె ఊపి చూడటం, లేదా ఫొటో అందంగా రావాలని వేడిగా ఉండగానే కిటికీ వెలుగులోకి మోసుకెళ్లి వంచడం. పాల పెరుగు ఓర్చుకున్నంతగా ఇది ఓర్చుకోదు. రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉన్నాక ఎన్ని ఫొటోలైనా తీసుకోండి.

తీగలు సాగుతోంది, అమ్మోనియా వాసన

పారేయండి. ఆలోచించొద్దు. సోయా మీద బాసిల్లస్ రకం బాక్టీరియా పడితే ఇలా అవుతుంది, వాటి బీజాలు మరిగించినా చావవు. గిన్నె, గరిటె, పాలు పిండిన గుడ్డ, అన్నీ సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టి కొత్త తోడుతో మొదలుపెట్టండి. గులాబీ, నలుపు, పచ్చ మచ్చలు కనిపించినా ఇదే తీర్పు, పైమీది వరకు తీసేసి కిందది తినే బేరాలు వద్దు.

పాలు పిండే గుడ్డకి పాత కాటన్ చీర ముక్కే మేలు. దానికి మాత్రం గంజి, కంఫర్ట్ లాంటి సువాసన ద్రవాలు తగలనివ్వకండి, మల్లెపూల పెరుగు ఎవరూ తినలేరు. కట్టుకున్న చీర మీద సోయా పాలు ఒలికితే వెంటనే చన్నీళ్లతో కడగండి, వేడినీళ్లు పోస్తే ప్రొటీన్ గుడ్డని పట్టేసుకుంటుంది.

మిగతావి

కొబ్బరి పాలతో, బాదం పాలతో ఇలాగే గట్టిగా రావట్లేదంటే అది మీ లోపం కాదు. గడ్డ కట్టేంత ప్రొటీన్ వాటిలో ఉండదు, ఏదో ఒక పిండి కాచి కలపాల్సిందే. నీళ్లలో ఉప్పెక్కువ, గిన్నె లోహం, అమావాస్య, ఇలాంటివన్నీ నేను విన్నాను. వాటి దాకా వెళ్లే అవసరం ఎప్పుడూ రాలేదు.

పెరుగు బాగానే వచ్చి దద్దోజనంలో విరిగిపోయిందంటే అన్నం వేడిగా ఉన్నప్పుడు కలిపారు. అన్నం మెత్తగా మెదిపి, పూర్తిగా చల్లార్చి, అప్పుడు కలపండి. కొద్దిగా మిగిలిన సోయా వాసనని అల్లం, పచ్చిమిరప, కరివేపాకు, ఇంగువ తాలింపు కప్పేస్తుంది. తర్వాతి విడతకి తోడు మాత్రం ఉప్పూ తాలింపూ తగలకముందే, కొత్త పెరుగులోంచి రెండు చెంచాలు శుభ్రమైన గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టేసుకోండి.