ఇంట్లో ఎల్పీ సంగీతం – 4వ పాఠం: సూదిని గాడిలో పెట్టడం

పోయిన పాఠం ముగిసేసరికి బల్ల కదలడం మానింది, ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) మీద రసమట్టం పెడితే బుడగ నడిమధ్యన నిలుస్తోంది. అవి కాకపోతే ఈ పాఠం మొదలుపెట్టకండి. ఇవాళ చేసే ప్రతి కొలతకూ ప్లాటరే నేల.

ఈ పాఠంలో కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని ఉండే చిన్న పెట్టె) బిగించి, సూదిని రికార్డు గాడిలో సరైన కోణంలో కూర్చోబెడతాం. ఖర్చు కొన్ని వందల రూపాయలు, పట్టే సమయం ఒక మధ్యాహ్నం. అయినా స్పీకర్లు మార్చినప్పటికంటే ఎక్కువ తేడా చాలా ఇళ్లలో ఇక్కడే వినిపిస్తుంది. సూది వంకరగా కూర్చుని తప్పుగా చదివిన ధ్వనిని తర్వాత వచ్చే ఏ ఖరీదైన పెట్టే బాగుచేయలేదు, పెద్దది చేసి వినిపించడం తప్ప.

ఉదాహరణకు టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్‌ను, డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్‌ను తీసుకుందాం. మొదటిది 1972లో వచ్చింది. రెండోది 1960ల్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం తయారైంది. రెండింటి కొలతలూ అందరికీ తెలిసినవే కాబట్టి లెక్క చూపించడం సులువు. మీ దగ్గర వేరే జత ఉంటే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

జత కుదురుతుందా?

సూదిని మోసే సన్నని కడ్డీ రబ్బరు మీద ఆనుకుని ఉంటుంది, అంటే ఒక స్ప్రింగు. ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ను మోసే చేయి), కార్ట్రిడ్జ్ కలిసి ఆ స్ప్రింగు మీద బరువు. ప్రతి స్ప్రింగు-బరువు జతకూ ఒక సొంత ఊపు ఉంటుంది. ఆ ఊపు 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. అంతకన్నా తక్కువైతే వంకరపోయిన రికార్డు ఎత్తుపల్లాలకు ఆర్మ్ ఊగిపోతుంది, స్పీకర్ కోన్ చప్పుడు లేకుండా ముందుకూ వెనక్కూ కొట్టుకోవడం కంటికే కనిపిస్తుంది. బాగా ఎక్కువైతే సంగీతంలోని మంద్రస్వరాల పొలిమేరలోకి వచ్చేస్తుంది.

లెక్క ఇది: 159ని, (మొత్తం బరువు × కాంప్లయన్స్) వర్గమూలంతో భాగించాలి. కాంప్లయన్స్ అంటే ఆ స్ప్రింగు ఎంత మెత్తగా లొంగుతుందో చెప్పే అంకె. ఎస్‌ఎల్-1200 ఆర్మ్ ప్రభావ ద్రవ్యరాశి (సూది దగ్గర తెలిసే ఆర్మ్ బరువు) 12 గ్రాములు, డీఎల్-103 బరువు 8.5, మరలూ నట్లూ కలిపి 1. మొత్తం 21.5. కాంప్లయన్స్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. డీఎల్-103 కాగితంలో 5 అని ఉంటుంది, కానీ జపాన్ కంపెనీలు దాన్ని 100 హెర్ట్జ్ దగ్గర కొలుస్తాయి. మనకు కావలసింది 10 హెర్ట్జ్ దగ్గరి విలువ. అది సుమారు రెట్టింపు, అంటే 10. ఇప్పుడు 21.5 × 10 = 215, వర్గమూలం 14.7. ఫలితం 10.8 హెర్ట్జ్. జాతకం కలిసింది.

ఇదే ఆర్మ్‌కు ఆర్టోఫాన్ 2ఎం రెడ్ పెడితే? బరువు 7.2, కాంప్లయన్స్ 20, ఇది యూరప్ కొలత కాబట్టి రెట్టింపు చేయనక్కరలేదు. 7.9 హెర్ట్జ్ వస్తుంది. గీత మీద ఉంది, పనిచేస్తుంది, కానీ వంకర రికార్డులతో జాగ్రత్త.

చేతికి కావలసినవి

చిన్న చదునుమూతి స్క్రూడ్రైవర్, సన్నమూతి పట్కారు, వాచీ మెకానిక్ కంటికి పెట్టుకునేలాంటి 10 రెట్ల భూతద్దం, చిన్న పలుచని అద్దం, 0.01 గ్రాము చూపించే డిజిటల్ సూది తూకం, 2.5 మి.మీ. మందం ఉన్న ఇత్తడి లేదా అల్యూమినియం మరలు రెండు, వాటికి నట్లు. ఇనుప మరలు వద్దు. కార్ట్రిడ్జ్ లోపల బలమైన అయస్కాంతం ఉంది, ఇనుప మర చేయి జారి సూది మీదికే ఎగురుతుంది. స్క్రూడ్రైవర్ కూడా ఇనుమే కాబట్టి దాన్ని సూది వైపు నుంచి ఎప్పుడూ తేకండి.

పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఉంటే మడిచేయండి, చున్నీ ఉంటే పక్కన పెట్టండి. సూదులు అరిగి పోయేవాటికన్నా గుడ్డ తగిలి పోయేవే ఎక్కువేమో అనిపిస్తుంది.

బిగింపు

హెడ్‌షెల్‌ను (ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్ బిగించే తలను) ఆర్మ్ నుంచి తీసి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి పని చేయండి. కింద పడిన నట్టు కనిపిస్తుంది. సూది తొడుగు తీయకండి.

ముందు తీగలు, తర్వాత మరలు. తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. కార్ట్రిడ్జ్ వెనక పిన్నుల పక్కన గుర్తులు ఉంటాయి, చూసి పెట్టండి. తీగ చివరి క్లిప్పు పిన్నుకు వదులైతే దాన్ని పక్కకు తీసి, పట్కారుతో వెంట్రుకవాసి నొక్కి మళ్లీ పెట్టండి. బిగుతైతే క్లిప్పులో పుల్ల దూర్చి వెడల్పు చేయండి. పిన్ను మీద బలం వాడకండి. పిన్నుకు నేరుగా సోల్డరింగ్ అసలే వద్దు, ఆ వేడికి లోపలి తీగ ఊడిపోతుంది. కాయిల్ బాగుందో లేదో చూద్దామని మల్టీమీటర్ పెట్టే సరదా కూడా మానుకోండి, వెంట్రుక కన్నా సన్నని తీగ అది.

డీఎల్-103 రంధ్రాల్లో మరచుట్లు ఉండవు, కింద నట్టు పట్టుకోవాలి. మరలను ఇప్పుడు సగమే బిగించండి, కార్ట్రిడ్జ్ కొద్దిగా బలం పెడితే జరగాలి, తనంతట తాను జారకూడదు.

హెడ్‌షెల్ ఆర్మ్‌కు తగిలించి, తొడుగు తీసి, యాంటీ స్కేట్ (ఆర్మ్‌ను బయటి వైపు లాగే అమరిక) సున్నా మీద ఉంచి, వెనక బరువును తిప్పుతూ ఆర్మ్ గాలిలో త్రాసు ముల్లులా సమంగా తేలేలా చేయండి. అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకు తిప్పి, తర్వాత బరువునూ చక్రాన్నీ కలిపి 2.5 దాకా తీసుకురండి. ఇది తాత్కాలికం. తూకం లేకుండా కోణాలు సరిచేస్తే ఆ కోణాలు నిలవవు, ఎందుకంటే బరువు పడగానే కడ్డీ వంగి సూది మొన జరుగుతుంది.

అసలు పని: రెండు బిందువులు

రికార్డు తయారీలో కోసే సూది అంచు నుంచి లోపలికి తిన్నగా, వ్యాసార్ధం వెంట ప్రయాణించింది. మన ఆర్మ్ ఒక చీల చుట్టూ తిరిగే తలుపులాంటిది, అది చాపంగానే నడుస్తుంది. కాబట్టి సూది గాడికి సరిగ్గా తిన్నగా ఉండేది రెండే రెండు చోట్ల. మిగతా అన్నిచోట్లా కాస్తో కూస్తో తప్పు ఉంటుంది. ఆ రెండు బిందువులు ఎక్కడ పెడితే మొత్తం తప్పు తక్కువవుతుందో 1938లో లోఫ్‌గ్రెన్, 1941లో బేర్‌వాల్డ్ లెక్కగట్టారు. బేర్‌వాల్డ్ లెక్క ప్రకారం 12 అంగుళాల రికార్డుకు అవి కేంద్రం నుంచి 66.0 మి.మీ., 120.9 మి.మీ. దగ్గర పడతాయి.

ఇక్కడ టెక్నిక్స్ వాళ్లది వేరే దారి. వాళ్లిచ్చే గేజి సూది మొనను హెడ్‌షెల్ రబ్బరు వాషర్ నుంచి 52 మి.మీ. దూరంలో పెట్టమంటుంది. అలా పెడితే ఆర్మ్ ప్రభావ పొడవు (ఆర్మ్ ఇరుసు నుంచి సూది మొన దాకా) 230, ఇరుసు నుంచి స్పిండిల్‌కు (ప్లాటర్ నడిమధ్యన ఉండే మొలకు) 215, అంటే సూది స్పిండిల్‌ను దాటి 15 మి.మీ. ముందుకు వస్తుంది. హెడ్‌షెల్ లోపలికి వంగిన కోణం 22 డిగ్రీలు. ఈ అంకెలతో లెక్క వేస్తే తప్పులేని బిందువులు సుమారు 58.8, 113.5 దగ్గర వస్తాయి. అంటే లోపలి గాళ్లకు మేలు చేసి, బయటి అంచు దగ్గర కొంత వదులుకున్నారు. బేర్‌వాల్డ్ కావాలంటే సూది స్పిండిల్‌ను 17.8 మి.మీ. దాటాలి. కార్ట్రిడ్జ్‌ను హెడ్‌షెల్ పొడవునా సుమారు 3 మి.మీ. ముందుకు జరిపి, 2 డిగ్రీలు స్పిండిల్ వైపు తిప్పాలి. అప్పుడది హెడ్‌షెల్ అంచుకు సమాంతరంగా కనిపించదు. కంగారు పడకండి, చూడవలసింది హెడ్‌షెల్‌ను కాదు.

గందరగోళమంతా ఈ రెండు పద్ధతులనూ కలపడంతో వస్తుంది. 52 మి.మీ. గేజితో పెట్టి, బేర్‌వాల్డ్ బిందువులు గుర్తించిన కాగితం ప్రొట్రాక్టర్‌తో సరిచూసి, ఆర్మ్ వంకర అనుకునేవాళ్లున్నారు. ఒకటే పట్టుకోండి. మీ అల్మారాలో పాత తెలుగు సినిమా 45 ఆర్‌పీఎం ఈపీలు ఎక్కువగా ఉంటే కంపెనీ పద్ధతే మేలు, వాటిలో పాట లేబుల్‌కు చాలా దగ్గరగా వెళ్లి ముగుస్తుంది. ఎల్పీలే ఎక్కువైతే బేర్‌వాల్డ్ వైపే మొగ్గు చూపండి.

కాగితం ప్రొట్రాక్టర్ ప్రింటు తీసినప్పుడు సైజు 100 శాతం ఉందో లేదో స్కేలుతో కొలవండి. రెండు బిందువుల మధ్య 54.9 మి.మీ. రావాలి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా పారేయండి. స్పిండిల్ రంధ్రం బిగుతుగా ఉండాలి, వదులైతే కాగితం జరిగి కొలత అబద్ధం చెబుతుంది.

ఇక పద్ధతి. ప్లాటర్ తిరగకుండా పట్టుకుని సూదిని బయటి బిందువు మీద దించండి. మొన చుక్క మీదే పడాలి. పడ్డాక ఎదురుగా, ఒక కన్ను మూసి, సూది కడ్డీ గీతలకు సమాంతరంగా ఉందా చూడండి. కార్ట్రిడ్జ్ పెట్టె అంచు కాదు, కడ్డీ. పెట్టెలో కడ్డీ ఒక డిగ్రీ పక్కకు బిగించి వచ్చిన కార్ట్రిడ్జ్‌లు అరుదేమీ కాదు. తర్వాత లోపలి బిందువు. బయట సరిగ్గా ఉండి లోపల సూది ముక్కు స్పిండిల్ వైపు తిరిగి ఉంటే కార్ట్రిడ్జ్‌ను కొద్దిగా ముందుకు జరపాలి, బయటికి తిరిగి ఉంటే వెనక్కి. జరిపాక మళ్లీ బయటి బిందువు దగ్గర మెలి సరిచేయాలి. ఐదారు సార్లు తిరగాల్సి వస్తుంది, అది మామూలే. జరిపే ప్రతిసారీ ఆర్మ్ లేపి, రెస్ట్‌లో పెట్టి, అప్పుడే కార్ట్రిడ్జ్ ముట్టుకోండి.

కుదిరాక మరలను కుడి ఎడమ మార్చి మార్చి, పావు చుట్టు చొప్పున బిగించండి. ఒకదాన్ని పూర్తిగా బిగిస్తే అది కార్ట్రిడ్జ్‌ను తనవైపు తిప్పేస్తుంది, గంట శ్రమ వృథా. డీఎల్-103 ఒళ్లు ప్లాస్టిక్, వేళ్ల బలం చాలు. బిగించాక రెండు బిందువులూ మరోసారి చూడండి.

ఎత్తు, వాలు

ఎత్తు గురించి లోకంలో చాలా చర్చ ఉంది. 230 మి.మీ. ఆర్మ్‌లో వెనక భాగాన్ని 1 మి.మీ. ఎత్తితే సూది కోణం పావు డిగ్రీ మారుతుంది. డీఎల్-103 మొన గుండ్రంది, దానికి ఆ తేడా దాదాపు తెలియదు. కింద తాళం మీట విప్పి, రింగు తిప్పి, మీరు ఎక్కువగా వినే మందం రికార్డు మీద ఆర్మ్ గొట్టం సమాంతరంగా వచ్చేలా పెట్టి, తాళం వేయండి. షిబాటా, మైక్రోలైన్ లాంటి పదునైన మొనలు వాడేవారికి మాత్రం ఆ పావు డిగ్రీ కూడా ముఖ్యమే, వాటికి ప్రత్యేకంగా ఒక పాఠం ఉంది.

ఎడమ కుడి వాలు చూడటానికి ప్లాటర్ మీద అద్దం పెట్టి సూదిని దించండి. ముందు నుంచి చూస్తే కడ్డీ, దాని నీడబింబం ఒకే నిలువు గీతగా కనిపించాలి. మధ్యలో విరిగినట్టు కనిపిస్తే వాలు ఉంది. మామూలు టెక్నిక్స్ హెడ్‌షెల్‌లో దీన్ని సరిచేసే మర ఉండదు, మెడ దగ్గర తిరిగే రకం హెడ్‌షెల్ కొనుక్కోవాలి.

తూకం, యాంటీ స్కేట్

ఇప్పుడు అసలు తూకం. చక్రం మీది అంకెను నమ్మకుండా డిజిటల్ తూకం పెట్టండి. తూకం పళ్లెం రికార్డు పైతలానికి సమానమైన ఎత్తులో ఉండాలి, పళ్లెం ఇనుముది కాకూడదు. ఇనుమైతే అయస్కాంతం లాగి అబద్ధం చూపిస్తుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, గాలికే రెండో దశాంశం ఎగురుతుంది. యాంటీ స్కేట్ సున్నా మీద ఉంచి కొలవండి. డీఎల్-103కు 2.5 గ్రాములు, అటూ ఇటూ 0.3. తక్కువ తూకం రికార్డుకు మేలు అనుకోవడం పొరపాటు. తేలికైన సూది గాడి గోడలను వదిలి ఎగిరి, మళ్లీ పడి వాటిని చెక్కుతుంది.

హెడ్‌షెల్ లోపలికి వంగి ఉండటం వల్ల గాడి రాపిడి ఆర్మ్‌ను కేంద్రం వైపు లాగుతుంది. దాన్ని వెనక్కి లాగేదే యాంటీ స్కేట్. గాళ్లు లేని నున్నని డిస్కు మీద సూది నిలబెట్టి సరిచూడమనే సలహాను పట్టించుకోకండి, గాడిలో ఉండే రాపిడి అక్కడ ఉండదు. 2 దగ్గర మొదలుపెట్టి చెవితో ముగించండి.

చెవి ఏం చెబుతుంది

గట్టిగా పాడిన గొంతు, లోపలి గాళ్లలో ఉన్న పాట ఒకటి ఎంచుకోండి. స, శ, చ అక్షరాలు ఉమ్ము పడినట్టు చీలుతుంటే, రెండు స్పీకర్లలోనూ అయితే తూకం తక్కువ లేదా సూది మొన మురికి. కుడివైపు మాత్రమే చీలితే యాంటీ స్కేట్ కొంచెం పెంచండి, లోపలికి లాగబడ్డ సూది బయటి గోడను, అంటే కుడి చానెల్‌ను, వదిలేస్తోంది. ఎడమవైపు మాత్రమే అయితే తగ్గించండి. అంచు దగ్గర బాగుండి, లోపలికి వెళ్లేకొద్దీ పాడవుతుంటే రెండు బిందువులను మళ్లీ చూడండి.

గొంతు మధ్యలో నిలవకుండా చెల్లాచెదురుగా ఉండి, మంద్రం మాయమైతే ఒక చానెల్‌లో ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. పాత మోనో రికార్డు పెడితే వెంటనే తేలుతుంది. ఒకవైపు మూగపోతే క్లిప్పు వదులు. గుంయ్‌మని హమ్ వస్తే ముందు ఎర్త్ తీగ చూడండి.

వచ్చే పాఠానికి ముందు చేయవలసింది: మొదటి 20 గంటలు విన్నాక తూకం మళ్లీ కొలిచి రాసి పెట్టుకోండి, రబ్బరు కుదురుకునేటప్పుడు కాస్త మారవచ్చు. రోజూ వినే ముందు పొడి బ్రష్‌తో సూదిని వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవండి. డీఎల్-103 ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులే. దాన్ని వెయ్యి రెట్లు పెంచే, అంటే 60 డెసిబెల్ గెయిన్ ఉన్న ఫోనో స్టేజ్, దానికి పెట్టవలసిన లోడ్ 5వ పాఠంలో. మీ యాంప్లిఫయర్ వెనక ఫోనో అని రాసిన సాకెట్ పక్కన ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) అని ఉందో ఎంసీ (మూవింగ్ కాయిల్) అని ఉందో చూసి ఉంచండి.