పిన్ను నొక్కకముందే: ఫైబర్ బాక్సులో నెట్, ల్యాండ్‌లైన్ ఆగితే ఏం చూడాలి

తెనాలిలో ఉండే మా అమ్మకి ఫైబర్ బాక్సు అంటే ఒకే వస్తువు. నెట్ రాకపోయినా, ల్యాండ్‌లైన్ మూగబోయినా "బాక్సు చెడిపోయిందిరా" అనేస్తుంది. కానీ ఆ తెల్ల డబ్బాలో మూడు పనులు వేటికవి నడుస్తుంటాయి. స్తంభం మీంచి వచ్చే ఫైబర్‌లోని వెలుతురు అందుకోవడం ఒకటి. కంపెనీ సర్వర్‌లో లాగిన్ అయి నెట్ తెచ్చుకోవడం రెండోది. ఫోన్ సర్వర్‌లో మన నంబరు నమోదు చేసుకోవడం మూడోది. వెలుతురు పోతే మిగతా రెండూ పోతాయి. వెలుతురు ఉంటే మాత్రం నెట్ పోయి ఫోన్ పనిచేయొచ్చు, ఫోన్ పోయి నెట్ పనిచేయొచ్చు. ఏది పోయిందో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒక సంక్రాంతికి ఊరెళ్తే ల్యాండ్‌లైన్‌లో డయల్ టోన్ లేదు. రీస్టార్ట్ చేద్దామని అగరొత్తి పుల్ల విరిచి, బాక్సు వెనక ఉన్న సన్న రంధ్రంలో పెట్టి పది సెకన్లు నొక్కాను. అప్పటిదాకా నెట్ అయినా ఉండేది, ఆ తర్వాత అదీ పోయింది. ఆ రంధ్రం రీస్టార్ట్‌ది కాదు, రీసెట్‌ది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఫోన్ నంబరు సెట్టింగులు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కొన్ని బాక్సులు వాటిని సర్వర్ నుంచి వాటంతటవే తెచ్చుకుంటాయి. మా బాక్సు అలాంటిది కాదు, కంపెనీ మనిషి వచ్చి చేత్తో కొట్టాల్సిందే. పండగ కదా, నాలుగు రోజులకి వచ్చాడు. రీస్టార్ట్ కావాలంటే స్విచ్ కట్టేసి, రెండు నిమిషాలు ఆగి వేయండి, అంతే. పుల్ల జోలికి పోకండి.

లైట్లు ఒక్కటీ వెలగడం లేదు

కరెంట్ ఉందా, స్విచ్ వేసి ఉందా అని అడగడం చిన్నతనంగా ఉంటుంది కానీ అడగాలి. టీవీ వెనక స్విచ్ బోర్డులో ఏ స్విచ్ దేనిదో ఎవరికీ గుర్తుండదు. అదే ప్లగ్గులో మొబైల్ ఛార్జర్ పెట్టి చూడండి. ఛార్జ్ అవుతుంటే అనుమానం అడాప్టర్ మీదే. ఈ బాక్సులు ఎక్కువగా 12 వోల్టులవి. సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పిన్ను కూడా చాలాసార్లు ఇందులో సరిగ్గా దూరుతుంది, అందుకే ఇల్లు సర్దినప్పుడు రెండూ తారుమారవుతాయి. అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. వోల్టులు బాక్సు అడుగున ఉన్నంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. ఆంపియర్లు చాలకపోతే లైట్లు వెలుగుతూనే బాక్సు మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటుంది.

పిడుగు పడిన రాత్రి తర్వాత బాక్సు చచ్చిపోతే ఫైబర్‌ని అనకండి. గాజు తీగలో కరెంట్ పారదు. పిడుగు దెబ్బ వచ్చేది అడాప్టర్ దారిలోనో, మేడ మీది కెమెరాకి లాగిన లాన్ కేబుల్ దారిలోనో. మబ్బు కమ్మినప్పుడే, ఉరుములు మొదలవకముందే ఆ రెండూ పీకేయడం మేలు.

ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటోంది

ఎల్ఓఎస్ (LOS) అని రాసి ఉన్న లైటు ఎర్రగా మిణుకుతుంటే బాక్సుకి వెలుతురు అందడం లేదన్నమాట. దాని పక్కనే పాన్ (PON) అనే లైటుంటుంది. అది పచ్చగా నిలకడగా ఉంటే అంతా బాగున్నట్టు. పచ్చగా మిణుకుతుంటే వెలుతురు అందుతోంది కానీ అవతలి పరికరం మన బాక్సుని ఇంకా గుర్తించలేదని. ఎర్ర లైటు ఉండగా వైఫై పాస్‌వర్డ్ మార్చినా, ఫోన్ రీస్టార్ట్ చేసినా ఒరిగేదేమీ లేదు.

ఇంట్లో చూడాల్సింది పసుపుపచ్చదో తెల్లదో ఒక సన్న వైరు. చివర ఆకుపచ్చ క్లిప్పు ఉంటుంది. ఆ క్లిప్పు బాక్సులో సగం ఊడి ఉందేమో మెల్లగా లోపలికి నొక్కండి, టిక్‌మని చప్పుడు రావాలి. తర్వాత వైరంతా చేత్తో తడుముతూ వెళ్ళండి. కిటికీ రెక్క కింద నలిగిందా, సోఫా కాలు కింద పడిందా, మిగిలిన వైరుని ఎవరైనా చిన్న ఉండలా చుట్టి మేకుకి తగిలించారా? లోపల ఉన్నది గాజు. మరీ ఇరుకుగా వంచితే వెలుతురు ఆ వంపు దగ్గరే బయటికి కారిపోతుంది. గుండ్రంగా, అరచేతి వెడల్పుకి తగ్గకుండా చుట్టి ఉంచండి.

క్లిప్పు ఊడదీస్తే దాని కొసని వేలితో తాకొద్దు, చొక్కా అంచుతో తుడవొద్దు. మనిషి వెంట్రుక కన్నా చాలా సన్నని దారి అది, వేలి జిడ్డు చాలు మూసేయడానికి. కొసలోకి కన్ను పెట్టి "వెలుతురు వస్తోందా" అని కూడా చూడొద్దు. అది కంటికి కనిపించని లేజర్.

ఇంట్లో వైరు బాగుంటే తప్పు చాలావరకు వీధిలో ఉన్నట్టే. ఉడతలు కొరుకుతాయి, కోతులు ఊగుతాయి, చెట్ల కొమ్మలు కొట్టేవాళ్ళు వైరుని కూడా కొట్టేస్తారు. పక్కింటి వాళ్ళకీ అదే కంపెనీ ఉంటే ఒక్కమాట అడగండి. వాళ్ళకీ లేకపోతే మీ బాక్సు జోలికి వెళ్ళే పనే లేదు.

స్టేటస్ పేజీ

లైట్లు చెప్పని సంగతులు ఈ పేజీ చెబుతుంది. మొబైల్‌ని ఇంటి వైఫైకి కలిపి, మొబైల్ డేటా ఆపేసి, బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టండి. కొన్ని బాక్సుల్లో అది 192.168.0.1, జియో బాక్సుల్లో 192.168.29.1. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ బాక్సు అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. నెట్ లేకపోయినా ఈ పేజీ తెరుచుకుంటుంది, అది బాక్సు లోపలే ఉంటుంది కాబట్టి. మొబైల్ "ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, వదిలేయనా" అని అడిగితే వద్దనండి.

లోపల మూడే చోట్లు చూడండి, దేన్నీ మార్చకండి. మొదటిది ఆప్టికల్ లేదా పాన్ అని ఉన్నచోట ఆర్ఎక్స్ పవర్ (Rx Power), అంటే బాక్సుకి అందుతున్న వెలుతురు బలం. మైనస్ గుర్తుతో, డీబీఎం లెక్కలో ఉంటుంది. -15 నుంచి -24 మధ్య ఉంటే నిశ్చింత. -27 దగ్గరికి వచ్చిందంటే వెలుతురు నీరసించింది, కాసేపు వచ్చి కాసేపు పోయే జబ్బుకి ఇదే మూలం. రెండోది వాన్ (WAN), అంటే బయటి నెట్ లైను దగ్గర, కంపెనీ మన బాక్సుకి ఇచ్చే ఐపీ అడ్రస్. మూడోది వాయిస్ లేదా వాయిప్ (VoIP) దగ్గర రిజిస్ట్రేషన్ స్టేటస్, అంటే మన ఫోన్ నంబరు నమోదైందా లేదా అన్నది. మూడింటినీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అన్నీ బాగున్న రోజున కూడా ఒకసారి తీసి దాచుకుంటే, చెడిన రోజు పోల్చుకోవడానికి అక్కరకొస్తుంది.

పాన్ పచ్చగా ఉంది, నెట్ లేదు

ప్లాన్ గడువు అయిపోయిందేమో ముందు చూడండి. నవ్వకండి, నా దగ్గరికొచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. రీఛార్జ్ ఉండి కూడా వాన్ ఐపీ 0.0.0.0 అని చూపిస్తుంటే లాగిన్ కాలేదన్నమాట. కరెంట్ చటుక్కున పోయి వచ్చినప్పుడు సర్వర్‌లో మన పాత లాగిన్ ఇంకా బతికే ఉండి, కొత్తదాన్ని రానివ్వకపోవచ్చు. బాక్సు ఆపి పది పదిహేను నిమిషాలు అలా వదిలేసి మళ్ళీ వేయండి. అప్పటికీ రాకపోతే కంపెనీకి చెప్పాల్సిందే. ఐపీ 100.64తో మొదలైతే మాత్రం టెన్షన్ పడొద్దు, అది చాలామందికి కలిపి పంచే అడ్రస్, మామూలే.

ఐపీ వచ్చింది, లాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లో నెట్ బాగానే ఉంది, పడకగదిలో మొబైల్‌కే రావట్లేదంటే తప్పు వైఫైది. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. లోపలి గదిలో 2.4కి మారండి. 2.4లో పక్క ఫ్లాట్ల రద్దీ ఉంటే ఛానెల్‌ని 1, 6, 11లో ఒకదానికి మార్చి చూడండి. బాక్సుని ఇనప బీరువా మీదా, టీవీ వెనకా పెట్టి సిగ్నల్ రావడం లేదంటే ఎవరేం చేస్తారు?

ల్యాండ్‌లైన్ మూగబోయింది

ఇక్కడే జనం ఎక్కువ తికమకపడతారు. పాత రాగి తీగ ఫోనుకి కరెంట్ ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది, ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఇప్పుడు బాక్సు ఆరిపోతే ఫోనూ పోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుండి ఆ ఫోన్ మీదే ఆధారపడితే బాక్సుకి ఇన్వర్టర్ లైను ఇవ్వండి, లేదా 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్ కొనండి. కార్డ్‌లెస్ ఫోన్ అయితే దాని బేస్‌కీ కరెంట్ కావాలని మరవొద్దు.

*డయల్ టోన్ అసలు లేదు.* ఫోన్ వైరు ఎక్కడ గుచ్చి ఉందో చూడండి. ఫోన్ పిన్ను సన్నది, పక్కనున్న లాన్ రంధ్రంలో కూడా వదులుగా దూరిపోతుంది. టెల్ అనో, ఫోన్ అనో రాసి ఉన్న చిన్న రంధ్రంలోనే ఉండాలి. అవి రెండుంటే మొదటిదాంట్లో. నా పండగ కథలో అసలు దొంగ ఇదే. భోగికి ముందు బూజులు దులుపుతూ అమ్మ వైర్లన్నీ పీకి, తుడిచి, ఫోన్ వైరుని టెల్ 2లో పెట్టింది. మా నంబరు టెల్ 1 మీద ఉంది. కంపెనీ కుర్రాడు వచ్చి, రీసెట్ చేసిందెవరని అడిగి, వైరు తీసి పక్క రంధ్రంలో గుచ్చాడు. నేను అటు తిరిగి కాఫీ తేవడానికి వెళ్ళాను.

వైరు సరిగానే ఉంటే ఇంకో ఫోన్ తెచ్చి పెట్టి చూడండి. ఇంటి గోడల్లో ఉన్న పాత ఫోన్ వైరింగ్‌కి టెల్ రంధ్రం కలిపి, ప్రతి గదిలో ఫోన్ వాడుతుంటే, వీధిలోంచి వచ్చే పాత రాగి జత ఇంకా దానికి తగిలి ఉందేమో చూపించండి. అటు నుంచి కరెంట్ వస్తే రెండూ కొట్లాడుకుని బాక్సులోని ఫోన్ భాగమే కాలిపోవచ్చు.

ఫోన్, వైరు రెండూ బాగుండి టెల్ లైటు ఆరిపోయి ఉంటే స్టేటస్ పేజీలో వాయిస్ దగ్గర చూడండి. రిజిస్టర్డ్ అనో, అప్ అనో ఉండాలి. ఫెయిల్డ్ అని ఉంటే మన నంబరుని ఫోన్ సర్వర్ ఒప్పుకోవడం లేదని. చాలా కంపెనీలు ఫోన్‌కి నెట్‌తో సంబంధం లేని వేరే దారి వాడతాయి, యూట్యూబ్ హాయిగా ఆడుతుండగా ఫోన్ పోవడానికి కారణం అదే. ఒక్కసారి రీస్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆగండి. రాకపోతే ఇది మన చేతిలో లేదు. ఫోన్ సర్వర్‌లో నంబరు నమోదుకి బాక్సు వాడే పద్ధతి పేరు సిప్. కస్టమర్ కేర్‌లో "ఫోన్ పనిచేయట్లేదు" అనకుండా "సిప్ రిజిస్ట్రేషన్ ఫెయిల్ అని చూపిస్తోంది" అనండి. ఆ ఒక్కమాటకే అవతలి గొంతు మారిపోతుంది.

*డయల్ టోన్ ఉంది, మొబైల్ నంబర్లకి కాల్ వెళ్ళట్లేదు.* ముందు సున్నా కొట్టారా? 2021 జనవరి 15 నుంచి దేశమంతటా ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేస్తే నంబరు ముందు 0 ఉండాలి. ఫోన్‌లో ఎప్పుడో దాచుకున్న స్పీడ్ డయల్ నంబర్లలో సున్నా ఉండదు, పెద్దవాళ్ళ ఫోన్లలో ఇదే జరుగుతుంది.

*అంకెలు నొక్కుతున్నా డయల్ టోన్ ఆగడం లేదు.* ఫోన్ అడుగునో పక్కనో టీ, పీ అని చిన్న స్విచ్ ఉంటుంది. పీ అంటే పాతకాలపు పల్స్, చాలా బాక్సులకి ఆ భాష రాదు. టీ వైపుకి జరపండి.

*మాట తెగిపోతోంది.* ఒక కాల్‌కి కావాల్సింది సుమారు 100 కేబీపీఎస్, అంతే. అంటే స్పీడ్ చాలక కాదు. సెకనుకి దాదాపు 50 చిన్న పొట్లాలుగా మాట వెళుతుంది, వాటిలో కొన్ని ఆలస్యమైనా దారి తప్పినా గొంతు ముక్కలవుతుంది. బాక్సుకే తగిలించిన ఫోన్‌లో ఇలా అవుతుంటే ముందు ఆర్ఎక్స్ పవర్ చూడండి. అదే నంబరుని మొబైల్ యాప్‌లో పెట్టుకుని వైఫై మీద మాట్లాడుతుంటే వైఫైని అనుమానించండి, లేదా ఇంట్లో సీసీ కెమెరాలూ ఫోటో బ్యాకప్‌లూ అప్‌లోడ్ అంతా మింగేస్తున్నాయేమో చూడండి. మీ సొంత రౌటర్ ఇంకోటి మధ్యలో పెట్టి యాప్ వాడుతున్నారా? మీకు వినబడి అవతలివాళ్ళకి వినబడకపోతే ఆ రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఆపి చూడండి. పేరుకి అది సాయం చేసేదే, చేసే పని చాలాసార్లు చెడగొట్టడం.

కంప్లైంట్ ఇచ్చేటప్పుడు

లైట్లు ఏ రంగులో ఎలా ఉన్నాయి, ఆర్ఎక్స్ పవర్ ఎంత, వాయిస్ స్టేటస్ ఏమిటి, ఎప్పటి నుంచి అన్నవి ముందే కాగితం మీద రాసుకుని ఫోన్ చేయండి. డాకెట్ నంబరు, అంటే మీ కంప్లైంట్‌కి ఇచ్చే నంబరు, అడిగి రాసుకోండి, మళ్ళీ చేసినప్పుడు కథంతా మొదటి నుంచి చెప్పే బాధ తప్పుతుంది.

మనిషి వచ్చి బాగుచేశాక "అయిపోయిందండీ" అంటూ సంచి సర్దుకుంటాడు. ఆ సంచి భుజానికి ఎక్కేలోగా ల్యాండ్‌లైన్ నుంచి సున్నా పెట్టి మీ మొబైల్‌కి ఒకసారి, మొబైల్ నుంచి ల్యాండ్‌లైన్‌కి ఒకసారి చేయండి. రెండువైపులా మాట వినబడాలి. ఆర్ఎక్స్ పవర్ ఇప్పుడెంత ఉందో అతన్నే చదవమనండి. మా ఇంట్లో ఆ అంకె, తారీకుతో సహా, బాక్సు పక్కన గోడకి అంటించిన పాల క్యాలెండర్ వెనక అమ్మ పెన్సిల్‌తో రాస్తుంది. ఆఖరుగా రాసింది -19.

బాక్సు వెనక రంధ్రం మీద ఒక ముక్క టేపు కూడా అంటించింది. అది నా కోసం.