మిషను ముందు కూర్చునే వాళ్ళ మెడ నొప్పికి నేను చేసే కసరత్తులు

దసరా అయ్యాక వచ్చే మంగళవారం మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దానికి నెల ముందునుంచీ టైలరింగ్ చేసేవాళ్ళకి తల ఎత్తే తీరిక ఉండదు. పగలంతా మిషను, రాత్రి లైటు కింద హుక్కులు, హెమ్మింగు. అలాంటి ఒక సీజన్ తర్వాత నా మెడ కుడివైపు పట్టేసి ఇక వదల్లేదు. బామ్ రాసినా, కాపడం పెట్టినా, మాత్ర వేసుకున్నా నాలుగు రోజులు తగ్గేది, మళ్ళీ మొదలయ్యేది. చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళితే ఆవిడ నా మెడ ముట్టుకోకముందే "ముందు మీరెలా కూర్చుని కుడతారో చూపించండమ్మా" అన్నారు. నొప్పి మెడలోనే ఉన్నా దాన్ని రోజూ తెచ్చిపెడుతున్నది నా కూర్చునే తీరని ఆ రోజే అర్థమైంది.

మన తల బరువు సుమారు 5 కిలోలు. నీళ్ళ బిందె నెత్తిమీద నిలువుగా పెట్టుకుంటే ఎంత దూరమైనా నడుస్తాం, అదే బిందెని చెయ్యి చాపి ముందుకు పట్టుకోమంటే రెండు నిమిషాలు కూడా పట్టుకోలేం. తల వెన్ను మీద నిటారుగా ఉంటే మెడలోని 7 ఎముకలూ ఆ బరువుని తీసుకుంటాయి, ముందుకు వాలితే మాత్రం వెనక కండరాలే లాగి పట్టుకోవాలి. గంటల తరబడి అలా పట్టుకుని అవి అలిసిపోతాయి, ఛాతీ ముందున్న కండరాలు బిగుసుకుపోయి గూడలు ముందుకు వంగిపోతాయి. అందుకే మెడ ఒక్కదాన్నే అటూ ఇటూ తిప్పుకుంటే సరిపోదు, వీపునీ గూడలనీ కూడా పనిలో పెట్టాలి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. చేతిలోకి నొప్పి పాకుతూ వేళ్ళు తిమ్మిరెక్కడం, చేతిలో పట్టు తగ్గి కత్తెర జారిపోవడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, ఎక్కడైనా పడ్డాక వచ్చిన నొప్పి, ఇలాంటివి ఏవి ఉన్నా కసరత్తులు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఛాతీ పట్టేసి నొప్పి మెడకో దవడకో ఎడమ చేతికో పాకుతుంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది గడ్డం వెనక్కి తీసుకునే కసరత్తు. గోడకి వీపు ఆనించి కూర్చోండి, చూపు నేరుగా ఉండాలి. ఇప్పుడు గడ్డాన్ని కిందకి వంచకుండా, పైకి ఎత్తకుండా, సొరుగుని లోపలికి తోసినట్టు తలని నేరుగా వెనక్కి జరపండి. గడ్డం కింద మడత పడుతుంది, మెడ వెనక సన్నగా లాగినట్టు ఉంటుంది. 5 లెక్కపెట్టేదాకా ఉంచి వదిలేయండి, ఇలా 10 సార్లు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు, నేనూ రెండు వారాలు తప్పుగానే చేశాను, తలని కిందకి వంచేసి అదే కసరత్తు అనుకున్నాను. తప్పో ఒప్పో తెలియాలంటే అద్దం ముందు పక్కకి తిరిగి కూర్చుని ఇంట్లో ఎవరినైనా చూడమనండి, చెవి భుజానికి సూటిగా పైకి రావాలి. ఊపిరి బిగబట్టకండి, పళ్ళు కొరకకండి, బలమంతా పెట్టి తోయకండి. కూర్చుని చేయడం కష్టమైతే మంచం మీద వెల్లకిలా పడుకుని, అవును అన్నట్టు గడ్డాన్ని కొద్దిగా, నెమ్మదిగా లోపలికి ఆడించండి, మొదటి వారం అదే చాలు.

రెండోది గూడలకి. వీపు మీద ఉండే రెండు రెక్క ఎముకల మధ్య పెన్సిలు పెట్టారనుకుని దాన్ని నొక్కినట్టు వాటిని వెనక్కీ, కొంచెం కిందకీ లాగండి. భుజాలు చెవుల వైపు లేవకూడదు. ఇదీ 5 లెక్క, 10 సార్లు.

మెడ పక్కనుంచి రెక్క ఎముక పై మూల దాకా తాడులా బిగుసుకుపోయే కండరం ఒకటుంటుంది, మా టైలర్లందరికీ నొప్పి అక్కడే. కుడివైపు నొప్పి అయితే కుడి చేత్తో స్టూలు అంచు పట్టుకుని, తలని ఎడమవైపు సగం తిప్పి, ఎడమ చంక వైపు చూస్తున్నట్టు కిందకి వంచండి. 20 నుంచి 30 సెకన్లు ఉంచి, రెండోవైపు కూడా చేయండి. ఎడమ చేత్తో తలని లాగేయాలని ఆశపడకండి, చెయ్యి ఊరికే ఆనిస్తే చాలు.

రాత్రి పడుకునే ముందు తువ్వాలు గట్టిగా చుట్టి, రెక్కల కింది అంచు దగ్గర వీపుకి అడ్డంగా పెట్టుకుని, తల కింద పల్చటి దిండు వేసుకుని రెండు నిమిషాలు పడుకోండి. పొద్దంతా ముందుకు ముడుచుకున్న ఛాతీ తెరుచుకుంటుంది.

ఎప్పుడు చేయాలన్నదానికి నాకు గడియారం కుదరలేదు. అందుకని బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా లేచి నిలబడి గడ్డం కసరత్తు 5 సార్లు, గూడలది 5 సార్లు చేసి, అప్పుడే కొత్త బాబిన్ వేస్తాను. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళు అరగంటకోసారి లేవండి. ఎంత నిటారుగా కూర్చున్నా సరే, కదలకుండా కూర్చుంటే మెడ పట్టేస్తుంది.

వీటితోపాటు స్టూలు ఎత్తు చూసుకోండి. నాది పొడుగు స్టూలు, మిషను మీదకి ఒంగాల్సి వచ్చేది, ఒక అంగుళమున్నర కోయించాను. చేతిపని ఒళ్ళో పెట్టుకుని చేయడం మానేసి, ఒళ్ళో రెండు దిళ్ళు వేసుకుని వాటి మీద బట్ట పెట్టుకుంటున్నాను, సూది కంటికి దగ్గరగా వస్తోంది. ఫోన్ కూడా అంతే, పైకి ఎత్తి చూడండి. రాత్రి బోర్లా పడుకోకండి, తల కింద రెండు దిళ్ళు పేర్చుకోకండి.

సెలూన్‌లో మెడ టక్కుమనిపించుకునే అలవాటున్న మగవాళ్ళకి చేతులు జోడించి చెబుతున్నాను, మానేయండి. మెడలో మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలుంటాయి, ఆ ఒక్క కుదుపుకి అవి చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. మెడ పట్టీ కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులే వేసుకోవాలి, నెలల తరబడి వేసుకుంటే కండరాలు బలం పోగొట్టుకుంటాయి. ఎక్స్‌రేలో ఎముకలు అరిగాయన్నారని టెన్షన్ పడిపోకండి, వయసు పెరిగేకొద్దీ ఏ నొప్పీ లేనివాళ్ళకి కూడా ఆ అరుగుదల కనిపిస్తుంది.

మొదటి వారం కండరాలు కొంచెం సలుపుతాయి, అది మామూలే. సూది గుచ్చినట్టు నొప్పి వచ్చినా, చేతిలోకి పాకినా ఆపేయండి. నాకు తేడా తెలియడానికి ఆరు వారాలు పట్టింది.

పలాసలో జీడిపప్పు మీది పొట్టు తీసే పనికి వెళ్ళే మా పెద్దమ్మ కూతురుకి కూడా ఇవే నేర్పించాను. తను నేలమీద కూర్చుని ఒళ్ళో పళ్ళెం పెట్టుకునేది, ఇప్పుడు రొట్టెల పీట మీద పెట్టుకుంటోంది, తనకి బాబిన్ లేదు కాబట్టి పళ్ళెం ఖాళీ అయినప్పుడల్లా గోడకి ఆనుకుని చేస్తోంది.