కథ తర్వాత, చెట్టు ముందు

చెట్ల కథలు ఇష్టమైతే వరస మార్చి చూడండి: ముందు చెట్టు, తర్వాతే కథ. కథ ముందే చదివేస్తే కళ్ళు దాన్నే వెతుక్కుంటాయి, చెట్టు కనబడదు.

నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒకే చెట్టును ఎంచుకోండి. వారానికోసారి, 20 నిమిషాలు చాలు. ఎండుకొమ్మల కింద, చీమల బారు దగ్గర కూర్చోవద్దు. మొదటి ఐదు నిమిషాలూ ఏమీ తోచదు, చాలామంది అక్కడే లేచి వెళ్ళిపోతారు. కదలకుండా ఉంటే మీ అలికిడికి ఎగిరిపోయిన పిట్టలు మెల్లగా తిరిగొస్తాయి.

తర్వాత దగ్గరికెళ్ళి తాకండి. రావిచెట్టయితే రాలిన ఆకు ఒకటి తీసుకుని, కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పండి. పొడవుగా, సన్నగా ఉంటుంది. అందుకే ఒంటికి తెలియనంత గాలికీ ఆకు వణుకుతుంది. గాలి లేకున్నా ఆకు కదిలితే దేవతలున్నట్టేనన్న మాట ఎక్కడ పుట్టి ఉంటుందో అప్పుడు చేతికే తెలుస్తుంది. ఐరోపాలో ఆస్పెన్ అనే చెట్టు ఆకుల వణుకు చుట్టూ కూడా ఇలాంటి కథలే అల్లుకున్నాయి. దాని కాడ పక్కలనుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. కారణం తెలిసినంత మాత్రాన కథ చిన్నబోదు, ఇంకా దగ్గరవుతుంది.

ఇంటికొచ్చాక కాదు, అక్కడే మూడు వాక్యాలు రాయండి: చూసింది, విన్నది, మనసులో మెదిలింది. మూడూ విడివిడిగానే ఉండాలి. కలిపేస్తే నెల తిరిగేసరికి ఏది చెట్టుదో, ఏది మీదో తేల్చుకోలేరు.

కథ ఆ రాత్రి చదువుకోండి.