ముందు ఇస్తారు, తర్వాత అడుగుతారు

మా తమ్ముడికి 26 ఏళ్లు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్ ఉంది, అంటే కొన్ని విషయాలు నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఫోన్ బాగానే వాడతాడు, లెక్కల దగ్గరే తడబడతాడు. ఒకరోజు నేను గదిలోకి వెళ్లగానే ఫోన్ బోర్లా పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. "ఎవర్రా?" అంటే "అది నా ప్రైవసీ అక్కా" అన్నాడు. ప్రైవసీ అన్న మాట అంతకుముందు వాడి నోట ఎప్పుడూ వినలేదు. ఎవరో నేర్పారు.

నేర్పింది మాకు తెలిసిన మనిషే. నాలుగు నెలలు గేమ్‌లు ఆడి, రీచార్జ్ చేయించి, చివరికి కార్డు పిన్ చెప్పించుకున్నాడు.

మోసం చేసేవాడంటే లాక్కునేవాడని అనుకుంటాం. వీళ్లు ముందు ఇస్తారు. టైమ్ ఇస్తారు, కానుకలిస్తారు, ఎవరూ వినని మాటలు ఓపిగ్గా వింటారు. తర్వాత "ఇది మనిద్దరికే తెలియాలి" అంటారు. ఆ తర్వాత "మీవాళ్లకి నువ్వంటే చిన్నచూపు" అని ఇంట్లోవాళ్ల మీద మనసు విరిచేస్తారు. అడగడం అప్పుడు మొదలవుతుంది: డబ్బు, ఫొటో, సంతకం, శరీరం. పిల్లలైనా, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లైనా దాదాపు ఇదే వరుస.

ఫోన్ దాచుకున్నంత మాత్రాన అనుమానించకండి, ఆ మాటకొస్తే అందరం దాచుకుంటాం. కానీ నిద్ర తగ్గి, లెక్క తెలియని కొత్త వస్తువు కనపడి, ఒకే పేరు పదేపదే వినపడి, ఉన్నట్టుండి ఆ పేరు ఆగిపోతే మాత్రం పట్టించుకోండి. రహస్యాల గురించి తమ్ముడికి ఇప్పుడు ఇలా చెబుతున్నాను: పుట్టినరోజు కానుకని దాచిపెడితే అది ఎప్పుడు బయటపడుతుందో ముందే తెలుసు. ఎప్పటికీ ఎవరికీ చెప్పకూడదన్న రహస్యం అయితే వెంటనే అక్కకి చెప్పాలి.

నేను చేసిన పెద్ద తప్పు ఫోన్ లాక్కుని అరవడం. తమ్ముడు రెండు వారాలు నాతో మాట్లాడలేదు. పైగా వెళ్లి ఆ మనిషికే చెప్పాడు, ఆయన చాట్ మొత్తం డిలీట్ చేయించాడు. మీరు అలా చేయకండి. ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయొద్దు, పక్కన కూర్చోండి. మేమిద్దరం బట్టలు మడతపెడుతుంటే, నా వైపు చూడకుండానే తమ్ముడు చెప్పడం మొదలుపెట్టాడు. "అలా చేశాడా?" అని మాటలు అందించకుండా "తర్వాత ఏమైంది?" అని మాత్రమే అడగండి. "నమ్ముతున్నాను, నీ తప్పేం లేదు, చెప్పి మంచిపని చేశావు" అనండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు. మీరు ఎవరికి చెప్పబోతున్నారో, మీతో చెప్పుకున్నవాళ్లకి ముందే చెప్పండి.

ఆ రాత్రే తేదీ వేసి, వాళ్లన్న మాటల్ని వాళ్లన్నట్టే రాసిపెట్టండి. మళ్లీ మళ్లీ అడిగి విసిగించొద్దు, మిగతాది ఆ పనిలో శిక్షణ ఉన్నవాళ్లు అడుగుతారు. మెసేజ్‌లు, నంబర్లు, ప్రొఫైల్ పేజీలు స్క్రీన్‌షాట్ తీశాకే బ్లాక్ చేయండి. అవతలి మనిషిని మీరే వెళ్లి నిలదీస్తే ఆధారాలు పోతాయి. డబ్బు పోతే అదే రోజు బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించండి, పోలీసులకి ఫిర్యాదు చేయండి. ప్రాణానికో ఒంటికో ప్రమాదమనిపిస్తే ఇవేవీ చూసుకోకుండా ముందు పోలీసులకే ఫోన్ చేయండి.

నగ్న ఫొటోలు చూపి బెదిరిస్తుంటే డబ్బు ఇవ్వకండి, ఇచ్చినకొద్దీ అడుగుతూనే ఉంటారు. 18 దాటినవాళ్లకి స్టాప్‌ఎన్‌సీఐఐ, 18 నిండకముందు తీసిన ఫొటోలకి టేక్ ఇట్ డౌన్ అని, ఆ ఫొటోలు ఆన్‌లైన్‌లో పాకకుండా ఆపడానికి సాయపడే ఉచిత సేవలున్నాయి. ఫొటో మన ఫోన్ దాటదు. దాని వేలిముద్ర లాంటి కోడ్ మాత్రమే వెళుతుంది, ఆ సేవల్లో చేరిన సైట్లు ఆ కోడ్‌తో ఫొటోని గుర్తుపట్టి తీసేస్తాయి. పిల్లల ఫొటోలైతే సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, చాలా దేశాల్లో అదే నేరం. ఫోన్ ఉన్నదున్నట్టుగా పోలీసులకి చూపించండి.

అంతా బయటపడ్డాక తమ్ముడు ఏడ్చింది డబ్బు కోసం కాదు, ఆ మనిషి కోసం. "మరి నాతో ఎవరు ఆడతారక్కా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం అరగంట నేను ఆడుతున్నాను, వారానికి రెండుసార్లు తన ఈడువాళ్ల బృందానికి వెళుతున్నాడు. ఫోన్ తమ్ముడి దగ్గరే ఉంది. కొత్త పిన్ తనే పెట్టుకున్నాడు. నాకు కూడా చెప్పలేదు.