నెలాఖరు లెక్కల గొడవ ఇలా తీరింది

మా ఇంట్లో ఇద్దరికీ జీతాలున్నాయి. అయినా ఇరవయ్యో తేదీ దాటితే చాలు, "గ్యాస్ బండకు నేనిచ్చాను, పాల బిల్లు నువ్వు కట్టు" అంటూ పేచీ మొదలయ్యేది. డబ్బు చాలక కాదు, ఏ ఖర్చు ఎవరిదో తేలక.

చెరిసగం అనేది వినడానికే న్యాయం. ఆయన జీతం 60,000, నాది 40,000. ఇంటి ఖర్చు 45,000లో సగం పెడితే నాకు మిగిలేది 17,500, ఆయనకు 37,500. అందుకే జీతాల నిష్పత్తిలో పంచుకున్నాం: ఆయన 27,000, నేను 18,000. ఒకటో తేదీనే ఆ సొమ్ము ఉమ్మడి ఖాతాలో పడుతుంది. అద్దె, కరెంటు, సరుకులు అన్నీ అక్కడి నుంచే.

ఖాతా తెరిచేటప్పుడు "ఇద్దరిలో ఎవరైనా లేదా జీవించి ఉన్నవారు" అనే పద్ధతి ఎంచుకోండి. "ఇద్దరూ కలిసి" అని పెడితే ప్రతి చెక్కుకూ రెండు సంతకాలు కావాలి. నామినీ పేరు కూడా అప్పుడే రాయించండి.

మిగిలిన జీతం ఎవరిది వారిదే. నేను చీర కొన్నా, ఆయన బ్యాటు కొన్నా సంజాయిషీ ఉండదు. పది వేలు దాటితే మాత్రం ముందుగా ఒక మాట.

అన్నిటికంటే కష్టమైంది పెద్దవాళ్లకు పంపే డబ్బు. మా అమ్మ మందులు, మామగారి చీటీ వాయిదా రెండూ ఇంటి ఖర్చులోనే రాశాం, పాల బిల్లు పక్కనే. ఆ రెండు అంకెలు కాగితం మీదికి రావడానికి పట్టినంత సమయం మిగతా లెక్కంతటికీ పట్టలేదు.

పండగ బట్టల పద్దు ఇంకా తేలలేదు. ఉమ్మడి ఖర్చే అంటాను నేను, ఆయన ఒప్పుకోరు.