నాలుగు జీబీ ల్యాప్‌టాప్‌తో కొట్టు లెక్కలు – 3వ పాఠం: ఎక్కడ ఆగుతోందో పట్టుకుందాం

గత పాఠంలో చిట్టాకు ఎక్సెల్ షీటు తయారుచేశాం: తేదీ, రైతు పేరు, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, ధర. ఫిబ్రవరి వచ్చి గుంటూరు మిర్చి యార్డులో సరుకు ఊపందుకునేసరికి ఆ షీటు తెరవడానికే నిమిషం పడుతుంది. వెంటనే కొత్త ల్యాప్‌టాప్ ధర కనుక్కోకండి. ఇలాంటి చౌక ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ముందు చాలకుండా పోయేది ప్రాసెసర్ కాదు, ర్యామ్, అంటే తెరిచిన ఫైళ్లూ యాప్‌లూ పని సాగేంతసేపు ఉండే మెమరీ.

విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ ఉండాలి. ఆ 4 జీబీలో సగానికి పైగా, మీరు ఏమీ తెరవకముందే విండోస్ వాడేసుకుంటుంది. ర్యామ్ నిండితే అందులోని సరుకును కొంత డిస్కు మీదికి దించి, అవసరమైనప్పుడు మళ్లీ ఎక్కిస్తుంది. చౌక మోడళ్లలో డిస్కుగా ఉండే ఈఎంఎంసీ అనే చిప్ స్టోరేజీ, ఖరీదైన వాటిలో ఉండే ఎస్‌ఎస్‌డీ కంటే నెమ్మది. మీ నిమిషం ఆ దించడం, ఎక్కించడంలోనే పోతోంది.

అనుమానం తీర్చుకోవాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ ఒకేసారి నొక్కండి. ఏది ఎంత వాడుతోందో చూపించే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ 85 శాతం దాటి, డిస్క్ 100 దగ్గర ఆడుతుంటే జబ్బు ఇదే. మెమరీ 60లో ఉండి సీపీయూ (ప్రాసెసర్) 100 చూపిస్తే వెనకాల అప్‌డేటో వైరస్ స్కానో నడుస్తుండవచ్చు, కాసేపు వదిలేయండి.

అక్కడే, ల్యాప్‌టాప్ ఆన్ కాగానే వాటంతటవే తెరుచుకునే యాప్‌లు ఉండే స్టార్టప్ యాప్స్ పేజీకి వెళ్లండి. సంగీతం, ఆటలు, చాటింగ్ యాప్‌ల మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చేయండి. విండోస్ సెక్యూరిటీని, సౌండుకు, టచ్‌ప్యాడ్‌కు సంబంధించినవాటిని కదపకండి. ప్రింటరు కంపెనీ పెట్టిన సహాయక యాప్‌ను ఆపినా మామూలుగా ప్రింటు వస్తుంది, స్కాన్ బటన్ మాత్రం పనిచేయకపోవచ్చు. క్రోమ్‌ను మూసినా వెనక నడుస్తూ ఉండొచ్చు: సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద, మూసిన తర్వాత కూడా బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లు నడిపే మీట ఉంటుంది, దాన్ని ఆపండి. పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఆన్ చేయండి. జీఎస్టీ పోర్టల్ తెరిచినప్పుడు వీడియో ట్యాబులు ఉండకూడదు.

ఇక అసలు దోషి చాలాసార్లు ఎక్సెల్ ఫైలే. మూడు వందల వరసల చిట్టా 8 ఎంబీ ఉందంటే ఏదో తేడా ఉన్నట్టే. షీటులో కంట్రోల్, ఎండ్ నొక్కండి. కర్సర్ మీ చివరి పద్దు దగ్గర ఆగాలి. ఏ 40,000వ వరసకో దూకితే, తర్వాత పనికొస్తుందని కింద దాకా గీతలు, రంగులు వేశారు, లేదా ఫార్ములా లాగారు. ఆ ఖాళీ వరసలన్నీ ఎక్సెల్ మోస్తోంది.

ముందు ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోండి. కింద ఎక్కడైనా మొత్తాలు వేసుకున్నారేమో చూడండి. తర్వాత మీ చివరి పద్దుకు వెంటనే కింద ఉన్న ఖాళీ వరస నంబరు మీద క్లిక్ చేసి, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని కింది బాణం నొక్కండి. ఎంపిక 10,48,576వ వరస దాకా పోతుంది. మధ్యలో ఆగితే మళ్లీ నొక్కండి. రైట్ క్లిక్ చేసి డిలీట్ ఎంచుకోండి. కీబోర్డు మీది డిలీట్ మీట చాలదు: అది అంకెలనే తుడుస్తుంది, రంగులూ గీతలూ అలాగే ఉంటాయి. సేవ్ చేసి మళ్లీ కంట్రోల్, ఎండ్ నొక్కి చూడండి.

కరెంటు పోయి, బ్యాటరీ కూడా అరిగిపోయి ఉంటే లెక్క పోతుంది. ఎక్సెల్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఆటోరికవర్ (పనిని ఎక్సెల్ తనంతట తాను దాచిపెట్టడం) సమయాన్ని 10 నిమిషాల నుంచి 3కి తగ్గించండి. అయినా ప్రతి బేరం ఎక్కించగానే కంట్రోల్, ఎస్ నొక్కడం అలవాటు చేసుకోండి.

ఎండాకాలం ల్యాప్‌టాప్‌ను పరుపు మీదా, గోనెసంచి మీదా పెట్టకండి. కింది రంధ్రాలు మూసుకుపోతే వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. మిరప దుమ్ము ఫ్యాన్‌లో పేరుకునే కొట్టు అయితే ఆ రంధ్రాలను వారానికోసారి, ఆఫ్ చేసి, మెత్తని బ్రష్‌తో దులపండి.

అభ్యాసం: ఆన్ చేసి 5 నిమిషాలయ్యాక మెమరీ శాతం రాసుకోండి. పై మార్పులు చేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ రాసుకోండి. ఫైలు సైజు కూడా ముందూ వెనకా రాసుకోండి. ఆ నాలుగు అంకెలతో 4వ పాఠానికి రండి. అందులో రైతుల పేర్లు యూనికోడ్ తెలుగులో టైపు చేయడం నేర్చుకుందాం.